ట్రోమ్సోలో ఒక రాత్రి అరోరా వేట: బండి పేపరుకు తొంభై, పాఠం పేపరుకు నలభై

నార్వే ఉత్తర కొసన, ఆర్కిటిక్ వలయానికి దాదాపు 350 కిలోమీటర్ల పైన ఉన్న ట్రోమ్సో పట్టణంలో రేవు పక్క వీధి వెంట నడిస్తే, ప్రతి రెండు మూడు దుకాణాలకు ఒకటి చొప్పున అరోరా వేటకు టికెట్లు అమ్మే కౌంటరు కనిపిస్తుంది. సరుకు అంతటా ఇంచుమించు ఒకటే: సాయంత్రం ఆరింటికి మినీబస్సు ఎక్కించుకుని, మబ్బు లేని ఆకాశం ఎక్కడ దొరికితే అక్కడికి తీసుకువెళ్ళి, అరోరాను, అంటే ధ్రువకాంతిని, చూపించి, అర్ధరాత్రి దాటాక హోటలు దగ్గర దింపుతారు. మేము గత ఫిబ్రవరిలో మనిషికి 1,500 క్రోనర్లు, అంటే మన లెక్కలో పన్నెండు వేల రూపాయల పైచిలుకు చెల్లించి, అటువంటి ఒక సంస్థ బస్సు ఎక్కాము. నేను చెప్పబోయే లోపాలు ఆ ఒక్క సంస్థవే కావని తరువాత మరో రెండు బస్సుల వాళ్ళ మాటలు విన్నాక తెలిసింది కనుక పేరు రాయడం లేదు. ముప్పై ఏళ్ళు డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. జవాబుపత్రం చూస్తే ఎర్ర పెన్ను వెతుక్కునే అలవాటు ఇంకా పోలేదు. అందువల్ల బండి నడిపిన తీరుకు, పాఠం చెప్పిన తీరుకు మార్కులు విడివిడిగా వేస్తున్నాను.

ముందుగా సామగ్రి విషయం. బస్సు ఎక్కగానే ఒంటి మీది బట్టల పైన తొడుక్కునే దళసరి చలి సూటు, బొచ్చు లోపలి బూట్లు ఇచ్చారు. సూటు బాగుంది, బూట్లు ఇంకా బాగున్నాయి. సున్నాకు దిగువన పద్దెనిమిది డిగ్రీల చలిలో మూడు గంటలు నిలబడినా పాదాలు తిమ్మిరెక్కలేదు. చేతి తొడుగులు మాత్రం ఇవ్వలేదు, అవి కావాలని ముందుగా చెప్పనూ లేదు. కళ్ళజోడు ఉన్నవారు గుర్తుంచుకోవలసింది ఒకటుంది: ముక్కు మీదుగా మఫ్లరు చుట్టుకుంటే మన ఊపిరే అద్దాల మీదికి ఎక్కి మంచుపొరగా గడ్డకడుతుంది. తొలి పావుగంట నేను ఆకాశాన్ని చూసినదానికంటే అద్దాలు గీక్కున్నదే ఎక్కువ.

ఇక బండి. ఆ సాయంత్రం ట్రోమ్సో మీద మబ్బు చాప పరిచినట్టు ఉంది. ప్రయాణికులలో సగం మంది ఫోన్లలో కేపీ సూచిక చూసుకుని, అది 2 దగ్గరే ఉందని దిగులుపడ్డారు. సున్నా నుంచి 9 దాకా ఉండే ఈ సూచిక భూమి మొత్తం మీద అయస్కాంత కల్లోలం ఎంత ఉందో మూడేసి గంటల సగటుగా చెబుతుంది. ధ్రువం చుట్టూ అరోరా వెలిగే వలయం దక్షిణానికి ఎంత దూరం జరుగుతుందో తెలుసుకోవడానికి లండన్‌లోనో బెర్లిన్‌లోనో ఉన్నవారికి అది పనికివస్తుంది. ట్రోమ్సో మామూలు రోజుల్లో కూడా ఆ వలయం కిందనే ఉంటుంది కనుక 1 ఉన్నా 2 ఉన్నా ఇక్కడ అరోరా కనిపిస్తుంది. ఇక్కడ మనకు అడ్డుపడేది సూర్యుడు కాదు, మబ్బు. మా గైడు (డ్రైవరు కూడా ఆయనే) ఈ సంగతి బాగా ఎరిగినవాడు. కేపీ గురించి ఒక్క మాట మాట్లాడకుండా ఉపగ్రహం పంపిన మబ్బుల చిత్రం పది నిమిషాలు పరిశీలించి, ఆగ్నేయంగా రెండు గంటల దూరంలో ఉన్న స్కీబోట్న్ లోయ వైపు బండి తిప్పాడు. సముద్రం మీది తేమను అడ్డంగా ఉన్న కొండలు ఆపేయడం వల్ల ఆ లోయ వర్షచ్ఛాయలో పడి, తీరం మూసుకుపోయిన రాత్రుల్లో కూడా తరచు తెరిపిగా ఉంటుంది. గాజులాంటి మంచు రోడ్డు మీద, ఫియోర్డు (కొండల మధ్యకు చొచ్చుకువచ్చిన సముద్రపు పాయ) అంచు వెంట, కుదుపన్నది తెలియకుండా నడిపాడు. లోయలోకి మలుపు తిరగగానే నక్షత్రాలు బయటపడ్డాయి. తొంభై మార్కులు ఇందుకే.

తొమ్మిదిన్నరకు బస్సు ఆపి లైట్లన్నీ ఆర్పించారు. ఉత్తరాన కొండల మీదుగా బూడిదరంగు పట్టీ ఒకటి తూర్పు నుంచి పడమటికి వంగి ఉంది. "ఇదేనాండీ? మా ఊళ్ళో సంక్రాంతి పొద్దున పొగమంచు ఇంతకంటే బాగుంటుంది" అంది మా ఆవిడ. ఆమె నిరాశకు కారణం టికెట్ల కౌంటరు గోడకు అంటించిన ఫోటోలు. కెమెరా ఐదారు సెకన్ల పాటు వెలుతురును పోగుచేసుకుంటుంది. మన కన్ను ఆ పని చేయలేదు. పైగా మసక వెలుతురులో కంటిలో పనిచేసే కణాలకు రంగు తేడా తెలియదు కనుక పలచని అరోరా తెల్లగానో బూడిదగానో తోస్తుంది. ఫోను ఎత్తి ఫోటో తీస్తే అదే పట్టీ పచ్చగా పడింది. ఈ సంగతి టికెట్టు అమ్మేటప్పుడే ఒక వాక్యంలో చెబితే ఎవరికీ నష్టం ఉండదు, అమ్మకం తగ్గుతుందన్న భయం తప్ప.

పది గంటల ఇరవై నిమిషాలకు దృశ్యం మారింది. బూడిద పట్టీ దిగువ అంచు ఉన్నట్టుండి గట్టిపడి, పచ్చగా మారి, రెండుగా చీలింది. తూర్పు కొసన మొదలైన ఒక మెలిక అంచు వెంట పడమటికి పరుగెత్తింది. తెరలోని నిలువు మడతలు గాలికి కదిలే పరదాలా ఊగాయి. కింది అంచున గులాబీ రంగు సన్నని జరీలా మెరిసి మాయమైంది. మరో రెండు నిమిషాల్లో ఆ తెర మా తలల మీదికి వచ్చి, నడినెత్తిన ఒక బిందువు నుంచి అన్ని వైపులకూ కిరణాలు చిమ్ముతున్నట్టు విచ్చుకుంది. పొగమంచుతో పోల్చిన మనిషి చేతిలో ఫ్లాస్కు మూత తెరిచి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాఫీ మీద మంచు పలుకులు కట్టేదాకా ఎవరికీ గుర్తురాలేదు. ఇప్పుడు రంగు కంటికే కనిపిస్తోంది, ఫోను అక్కరలేదు.

వెలుగును రంగులుగా విడదీయడానికి కాలేజీ ప్రయోగశాలలో వాడే డిఫ్రాక్షన్ గ్రేటింగ్ పలక ఒకటి, అట్ట ఫ్రేములో బిగించినది, జేబులో వేసుకుని వెళ్ళాను. దాని గుండా దూరాన ఉన్న ఇంటి బల్బును చూస్తే పక్కన ఊదా నుంచి ఎరుపు దాకా రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి సాగిన పట్టీ వస్తుంది. అదే పలకను అరోరా వైపు తిప్పితే రంగుల పట్టీ రాలేదు. అసలు తెర పక్కన, అదే మెలికలతో, మసకగా, మరో పచ్చ తెర నిలబడింది. వేడెక్కి వెలిగే వస్తువు అన్ని రంగులనూ ఇస్తుంది. ఒకే తరంగదైర్ఘ్యంలో వెలుగు వస్తోందంటే అక్కడ విడి పరమాణువులు తమకు అందిన శక్తిని తిరిగి విడిచిపెడుతున్నాయని అర్థం. ఆ పచ్చ ఆక్సిజన్ పరమాణువు ఇచ్చే 557.7 నానోమీటర్ల గీత. పుస్తకంలో ముప్పై ఏళ్ళు చెప్పిన గీతను ఆకాశమంత పొడవున చూడడం నాకు ఈ టికెట్టులో దక్కిన లాభం.

ఈ రంగుల వెనుక ఉన్న కాలాల లెక్క తెలిస్తే దృశ్యం ఇంకా బాగా అర్థమవుతుంది. శక్తి పుంజుకున్న ఆక్సిజన్ పరమాణువు పచ్చ వెలుగు విడవడానికి సుమారు ముప్పావు సెకను తీసుకుంటుంది. ఎరుపును, అంటే 630 నానోమీటర్ల వెలుగును విడవడానికి దాదాపు రెండు నిమిషాలు కావాలి. గాలి కాస్త చిక్కగా ఉన్నచోట అంతసేపు వేచి ఉండే లోపలే ఆ పరమాణువు పక్క అణువును ఢీకొని తన శక్తిని పోగొట్టుకుంటుంది. అందుకే ఎరుపు 200 కిలోమీటర్ల పైన, గాలి దాదాపు లేనట్టే ఉన్న ఎత్తుల్లోనే కనిపిస్తుంది, పచ్చ 100 కిలోమీటర్ల దాకా దిగుతుంది. ఎరుపు కదలికలు అలికినట్టు మెత్తగా ఉండడానికి, పచ్చ మెలికలు చురుగ్గా ఉండడానికి కూడా ఈ కాలాల తేడాయే కారణం. నైట్రోజన్ అణువుకు నిరీక్షణ లేదు, దెబ్బ తగలగానే వెలుగుతుంది. కింది అంచున మేము చూసిన గులాబీ జరీ దానిదే. మా గైడు "పచ్చ ఆక్సిజన్, గులాబీ నైట్రోజన్" అని చెప్పి ఊరుకున్నాడు. తప్పు లేదు, కానీ పైన ఎరుపు ఎందుకు, కింద పచ్చ ఎందుకు అన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

పాఠం పేపరుకు మార్కులు పోయినది మాత్రం ఇందుకు కాదు. మంట వేసి అందరినీ చుట్టూ కూర్చోబెట్టి ఆయన చెప్పిన కథ ఇది: సూర్యుడు కణాలు విసురుతాడు, భూమి అయస్కాంతం వాటిని పట్టుకుని ధ్రువాల వైపు మళ్ళిస్తుంది, అవి గాలిలో పడగానే వెలుగు పుడుతుంది. స్కూలు పుస్తకాల్లో కూడా ఇలాగే ఉంటుంది. మా బస్సులో ఒక కాలేజీ అమ్మాయి మంచి ప్రశ్న వేసింది: "కణాలు సూర్యుడి నుంచి నేరుగా వస్తే పగటి వైపు ఎక్కువ పడాలి కదా, అర్ధరాత్రి వైపు ఎందుకు ఇంత పెద్దగా వెలుగుతోంది?" గైడు నవ్వి, వేడి చాక్లెట్ పాలు పంచడానికి లేచాడు. మా రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన విద్యార్థిని ముందు బెంచీలోకి పిలిచేవాళ్ళం.

జవాబు నిజానికి మొదటి కథకంటే ఆసక్తికరమైనది. సౌర పవనం, అంటే సూర్యుడి నుంచి ఎడతెగకుండా వచ్చే కణాల ప్రవాహం, సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో వీస్తూ సుమారు నాలుగు రోజుల్లో భూమిని చేరుతుంది. సూర్యుడి వైపున భూమి అయస్కాంత క్షేత్రం దానిని భూ వ్యాసార్థానికి సుమారు పది రెట్ల దూరంలో, అంటే అరవై వేల పైచిలుకు కిలోమీటర్ల దగ్గర నిలవరిస్తుంది. వెనుక వైపు అదే క్షేత్రం చంద్రుడి కక్ష్యను దాటి తోకలా సాగుతుంది. సౌర పవనం తనతో మోసుకువచ్చే అయస్కాంత క్షేత్రం ఉత్తర ముఖంగా ఉంటే పెద్దగా ఏమీ జరగదు. దక్షిణ ముఖంగా తిరిగితే మాత్రం ముందువైపున దాని అయస్కాంత రేఖలూ భూమి అయస్కాంత రేఖలూ తెగి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి, అలా అతుక్కున్న రేఖలను పవనం వెనుకకు ఈడ్చుకుపోయి తోకలో పోగుచేస్తుంది. ఇంగ్లండ్‌కు చెందిన జేమ్స్ డంజీ 1961లో ఈ వివరణ ఇచ్చాడు. తోకలో ఒత్తిడి హద్దు మీరినప్పుడు అక్కడి రేఖలు కూడా తెగి, మళ్ళీ అతుక్కుని, ఉండేలు తాడు లాగి వదిలినట్టు భూమి వైపు ఎగసివస్తాయి. 2007లో నాసా పంపిన ఐదు థెమిస్ ఉపగ్రహాలు ఆ మరుసటి సంవత్సరం ఇది చంద్రుడి దూరంలో దాదాపు మూడో వంతు దగ్గర మొదలవుతుందని గమనించాయి. అంటే మేము పది గంటల ఇరవై నిమిషాలకు చూసిన పేలుడు సూర్యుడి వైపు నుంచి వచ్చినది కాదు, భూమి వెనుక చీకటిలో, లక్ష కిలోమీటర్లకు పైగా దూరంలో తెగిన తీగ తాలూకు దెబ్బ.

ఇంకో మెట్టు ఉంది. సౌర పవనంలోని ఎలక్ట్రాన్లలో చాలావాటి శక్తి పదుల ఎలక్ట్రాన్ వోల్టులకు (కణాల శక్తిని కొలిచే ప్రమాణం ఇది) మించదు. పచ్చ తెరను వెలిగించే ఎలక్ట్రాన్లకు కొన్ని వేల ఎలక్ట్రాన్ వోల్టులు ఉండాలి. నేరుగా జారిపడితే ఈ శక్తి రాదు. భూమికి కొన్ని వేల కిలోమీటర్ల ఎత్తున, అయస్కాంత రేఖల వెంట ఏర్పడే విద్యుత్ పొటెన్షియల్ (వోల్టేజి) తేడాలు, ఆ రేఖలను మీటితే పుట్టే ఆల్వెన్ తరంగాలు ఎలక్ట్రాన్లను అంత వేగానికి తోస్తాయి. ఆల్వెన్ తరంగాలు ఎలక్ట్రాన్లను ఇలా వేగవంతం చేయగలవని అమెరికాలోని ప్రయోగశాలలో కొలిచి చూపింది 2021లోనే.

ఇదంతా మంట చుట్టూ కూర్చున్న యాత్రికులకు చెప్పడం కష్టమని అనవచ్చు, ఒప్పుకుంటాను. కానీ నార్వేలో నిలబడి ఆ దేశపు భౌతికశాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్ పేరు ఎత్తకపోవడం ఏమిటి? ఉత్తర నార్వేలోని ఆల్టా దగ్గర హాల్డె కొండ మీద, 1899లో, ఆ మంచులో, అరోరా పరిశీలనకు కేంద్రం పెట్టించినవాడు ఆయన. గాలి తీసేసిన గాజు పెట్టెలో అయస్కాంతపు గోళం వేలాడదీసి, దాని మీదికి ఎలక్ట్రాన్లను పంపి, ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు పుట్టించి చూపాడు. అరోరాను నడిపే విద్యుత్ ప్రవాహాలు అయస్కాంత రేఖల వెంట ఆకాశం నుంచి కిందికి దిగుతాయని చెబితే పెద్దలు చాలామంది నమ్మలేదు. 1917లో ఆయన టోక్యోలో చనిపోయాడు. అరవై, డెబ్బయ్యో దశకాల ఉపగ్రహాలు ఆ ప్రవాహాలను కొలిచాక ఇప్పుడు వాటికి ఆయన పేరే పెట్టారు. పాత 200 క్రోనర్ల నోటు మీద బిర్కెలాండ్ బొమ్మ ఉండేది. గైడు జేబులో ఆ నోటు ఒకటి ఉంచుకుంటే చాలు, సగం పాఠం అదే చెబుతుంది.

పెద్ద తప్పు రక్షణ కవచం దగ్గర దొర్లింది. "ఈ అయస్కాంతమే లేకపోతే రేడియేషన్ తగిలి మనమందరం ఈపాటికి చనిపోయేవాళ్ళం" అన్నాడు గైడు. వినడానికి గంభీరంగా ఉంటుంది కానీ, ఆ మాట అన్న చోటే దానికి ఎదురు సాక్ష్యం. ట్రోమ్సో వంటి అక్షాంశాల్లో అయస్కాంత రేఖలు దాదాపు నిటారుగా నేలలోకి దిగుతాయి. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలకు అక్కడ తలుపు ఇంచుమించు తెరిచే ఉన్నట్టు. అయినా ట్రోమ్సో జనం సుఖంగా చేపలు పట్టుకుంటున్నారంటే వారిని కాపాడుతున్నది నెత్తిన ఉన్న గాలి. ప్రతి చదరపు మీటరు నేల మీద సుమారు పది టన్నుల గాలి ఉంది, పది మీటర్ల లోతు నీటికి సమానం. అలా వచ్చే కిరణాలు చాలావరకు ఆ పొరలోనే ముక్కలై ఖర్చైపోతాయి. 41,000 ఏళ్ళ క్రితం భూమి అయస్కాంత క్షేత్రం కొంతకాలం ఇప్పటి బలంలో చిన్న భాగానికి పడిపోయినా జీవరాశి అంతరించలేదు.

అయస్కాంతం దండగ అని నా ఉద్దేశం కాదు. దాని పని ఎక్కడ ఎంత అన్నది చెప్పాలి. మన హైదరాబాద్ దగ్గర, అయస్కాంత భూమధ్యరేఖకు చేరువలో, రేఖలు నేలకు దాదాపు సమాంతరంగా పరుచుకుని ఉంటాయి. నిట్టనిలువుగా వచ్చే ప్రోటాను వాటిని అడ్డంగా దాటాలంటే సుమారు 17 గిగా (అంటే 1,700 కోట్ల) ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. ప్రపంచంలోనే ఈ హద్దు బాగా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఇది ఒకటి. టాటా ప్రాథమిక పరిశోధన సంస్థ హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ వైపు బెలూన్ కేంద్రం నడుపుతూ పరికరాలను ఆకాశంలోకి పంపడంలో ఉన్న సౌకర్యాల్లో కాస్మిక్ కిరణాల రొద ఇక్కడ తక్కువగా ఉండడం ఒకటి. ధ్రువాల మీదుగా ఎగిరే విమానాలకు ఆ సౌకర్యం లేదు. సూర్యుడు ప్రోటాన్లను బలంగా వెదజల్లిన రోజుల్లో విమాన సంస్థలు ఆ దారులు మార్చుకుంటాయి.

అంగారకుడితో పోలిస్తే లెక్క ఇంకా తేటపడుతుంది. అక్కడ గ్రహమంతటికీ కలిపి అయస్కాంత క్షేత్రం దాదాపు నాలుగు వందల కోట్ల ఏళ్ళ క్రితమే ఆగిపోయింది, గాలి మన గాలిలో ఒక్క శాతం కూడా లేదు. నాసా క్యూరియాసిటీ రోవరు నేల మీద దిగి మొదటి ఏడాదిలో కొలిచిన రేడియేషన్ రోజుకు 0.67 మిల్లీ సీవర్టులు (శరీరానికి తగిలే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం). భూమి మీద మనిషికి సగటున ఏడాది మొత్తానికి సహజంగా అందేది 2.4 మిల్లీ సీవర్టులు. శుక్రుడికి సొంత అయస్కాంతం లేదు, కానీ మన గాలికి తొంభై రెట్ల ఒత్తిడితో వాతావరణం ఉంది కనుక నేల దాకా ఆ కిరణాలు చేరడం అసాధ్యం. అయస్కాంతం పోతే గాలి కూడా కొట్టుకుపోతుందన్న వాదనకు కూడా శుక్రుడే చిక్కు ప్రశ్న. అరోరా విషయంలోనూ అంతే: పెద్ద అయస్కాంతం లేని అంగారకుడి మీద కూడా అరోరా పడుతుంది, 2024 మార్చిలో పర్సెవరెన్స్ రోవరు నేల మీద నిలబడి పచ్చ వెలుగును పట్టింది. గురుడి అరోరా సౌర పవనం మీద పెద్దగా ఆధారపడదు. దాని చుట్టూ తిరిగే అయో అనే ఉపగ్రహం మీది అగ్నిపర్వతాలు సెకనుకు ఒక టన్ను చొప్పున పంపే పదార్థం దానికి ఇంధనం.

సంస్థ ముందస్తు హెచ్చరిక అని చెప్పుకునే సేవ గురించి ఒక మాట. వారి యాప్ పంపే కబురంతా కేపీ అంకెలే. నిజంగా పనికివచ్చే సంకేతం భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల, సూర్యుడి వైపున, ఉపగ్రహాలు భూమితో పాటే సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఉండగల ఎల్1 బిందువు దగ్గర దొరుకుతుంది. అక్కడి ఉపగ్రహాలు సౌర పవనం వేగాన్నీ, దాని క్షేత్రం దక్షిణానికి తిరిగిందా లేదా అన్నదాన్నీ, అది మనల్ని తాకడానికి పావుగంట నుంచి గంట ముందు చెబుతాయి. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి బయలుదేరి 2024 జనవరి 6న ఆ బిందువు చుట్టూ కక్ష్యలోకి చేరిన ఇస్రో ఉపగ్రహం ఆదిత్య ఎల్1 కూడా ఈ కొలతలు తీసుకుంటోంది. అదే ఏడాది మే 10, 11 తేదీల్లో వచ్చిన అయస్కాంత తుఫాను 2003 తరువాత అంతటి తీవ్రస్థాయిని అందుకున్న మొదటిది. ఆ రాత్రి లద్దాఖ్‌లోని హాన్లే నుంచి ఎరుపు కాంతిని ఫోటో తీశారు. అంతటి రాత్రి కోసం ట్రోమ్సో దాకా రానక్కరలేదు. మామూలు రాత్రి కోసమే రావాలి.

మిగిలిన సంగతులు క్లుప్తంగా. సూపు శాకాహారమే, ఉప్పు తక్కువ. మర్నాడు పంపిన ఫోటోల్లో మా ఇద్దరి ముఖాలూ స్పష్టంగా ఉన్నాయి, పచ్చదనం మాత్రం మేము చూసినదానికి రెట్టింపు. ఏమీ కనిపించకపోతే రెండో రాత్రి సగం ధరకు తీసుకువెళతామన్న షరతు టికెట్టు వెనుక చిన్న అక్షరాల్లో ఉంది, ముందే చదువుకోండి. తిరుగుదారిలో అందరూ నిద్రపోయాక గైడు పక్కన కూర్చుని, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు కాగితం మీద బొమ్మ వేసి చూపాను. బండి పక్కకు ఆపి శ్రద్ధగా విన్నాడు, తనకు శిక్షణలో ఒక పేజీ ఇచ్చి బట్టీ పట్టమన్నారని చెప్పాడు. కనుక ఆ నలభై మార్కులు ఆయనవి కావు, ఆ పేజీవి. గ్రేటింగ్ పలక ఆయనకు ఇచ్చి వచ్చాను. స్కీబోట్న్ లోయలో ఎవరైనా మీ చేతికి అట్ట ఫ్రేములో బిగించిన పలక ఇచ్చి ఆకాశం వైపు చూడమంటే, మీరు మేమెక్కిన బస్సే ఎక్కారు.